వెన్నుపాము దెబ్బ తర్వాత మోకాలి వాపు: ముందు మర్దన ఆపండి

ప్రశ్న: మా తమ్ముడికి 28 ఏళ్లు. మూడు నెలల క్రితం ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కీళ్లు బిగుసుకుపోతుంటే రోజూ నూనె రాసి మర్దన చేస్తూ, గట్టిగా వంచుతున్నాం. పది రోజులుగా ఎడమ తొడ, మోకాలు వాచి వేడిగా ఉన్నాయి. నొప్పి మాత్రం లేదంటున్నాడు. కీళ్లలో గుజ్జు పెరిగే మాత్రలు వాడొచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: గుజ్జు సంగతి తర్వాత చూద్దాం. ఆ వాపును ఇవాళే డాక్టర్‌కి చూపించండి. పది రోజులు ఆగాల్సింది కాదమ్మా. స్పర్శ లేని కాలికి లోపల ఏం జరిగినా నొప్పి తెలియకపోవచ్చు.

ఒక్క కాలే వాచి వేడెక్కితే మేం మొదట అనుమానించేది లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. సిరల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ అయ్యేదాకా ఆ కాలిని పిసకొద్దు, వంచొద్దు. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఫ్రాక్చర్ కూడా అయి ఉండొచ్చు. బరువు మోయని కాళ్లలో, ముఖ్యంగా మోకాలి దగ్గర, ఎముక త్వరగా పలచబడుతుంది. బలంగా వంచితే విరగొచ్చు. ఇంకొకటి, తుంటి, మోకాలి చుట్టూ ఉన్న కండరాల్లో కొత్తగా ఎముక పెరగడం. గాయమైన మొదటి నెలల్లోనే ఇది ఎక్కువ. తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చినా వాపు తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. ఇన్ఫెక్షన్ సంగతీ చూడాలి. వీటిలో ఏదన్నది చూడకుండా చెప్పలేను.

ఇక గుజ్జు. కీలు కదులుతూ, బరువు పడుతూ వదులుతూ ఉంటేనే దానికి పోషణ అందుతుంది. కదలిక ఆగితే అది క్రమంగా పలచబడుతుంది, కీలు చుట్టూ ఉన్న పొర, కండరాలు కుదించుకుపోతాయి. మాత్రలతో ఇది తిరిగి వస్తుందనడానికి సరైన ఆధారం లేదు. పైగా గడ్డ ఉందని తేలి, రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మొదలుపెడితే, ఈ గుజ్జు మాత్రల్లో సాధారణంగా ఉండే గ్లూకోసమైన్ దానితో కలిసినప్పుడు రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. షాపులో అడిగి కొనే మందులతో నా భయమంతా ఇదే, ఏది దేనితో కలుస్తుందో ఎవరూ చూడరు. ఇప్పటికే కొని వాడుతుంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి.

కాపడం కూడా వద్దు. చర్మం కాలినా అతనికి తెలియదు. వాపు ఎందుకొచ్చిందో తేలాక, ఎంతవరకు వంచొచ్చో ఫిజియోథెరపిస్టును అడిగి నేర్చుకోండి. మోకాళ్ల కింద రోజంతా దిండు పెట్టి ఉంచకండి, అలాగే ముడుచుకుని బిగుసుకుపోతాయి. వెళ్లేటప్పుడు పాత స్కాన్లు, డిశ్చార్జ్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.