ఓర్లాండోలో పల్స్ క్లబ్ కాల్పుల రోజు మేం ఆ ఊళ్లోనే ఉన్నాం

మీరు అడిగింది: "2016లో ఓర్లాండో నైట్‌క్లబ్ కాల్పులప్పుడు అక్కడ ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ రోజు, ఆ తర్వాత ఎలా గడిచింది?"

నేనున్నాను. అప్పటికి ఆ ఊరొచ్చి రెండేళ్లు. డౌన్‌టౌన్‌కి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్‌లో నేను, ఇంకో తెలుగబ్బాయి కలిసి ఉండేవాళ్లం. నాది గుంటూరు, వాడిది కాకినాడ. కింద రాసిన దాంట్లో చాలావరకు వాడి సంగతే. వాడిని అడిగి, రాసింది ఫోన్లో చదివి వినిపించి, సరే అన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

జూన్ 12, ఆదివారం. పొద్దున ఆరున్నరకి అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, మీ ఊళ్లో ఏదో క్లబ్బులో కాల్చేశారంట, టీవీలో చూపిస్తన్నారు, నువ్వు ఇంట్లోనే ఉన్నావా?" అంది. గుంటూరులో అప్పటికి సాయంత్రం నాలుగైంది. నేనుండే చోటికి నాలుగైదు మైళ్ల దూరంలో జరిగింది నాకు గుంటూరు నుంచి తెలిసింది. ఇంట్లోనే ఉన్నానమ్మా అని చెప్పి హాల్లోకి వస్తే, వాడు సోఫాకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు, లైటు వేసుకోలేదు, చేతిలో ఫోను ఛార్జర్ వైరుతో సహా ఉంది. రాత్రి మూడింటి నుంచీ అలాగే ఉన్నాడట. అందరూ బయటపడండి, పరిగెడుతూనే ఉండండి అని క్లబ్బువాళ్లు ఫేస్‌బుక్‌లో పెట్టిన రెండు ముక్కలు చూశాక ఇక పడుకోలేదు. "పోయిన నెల నేను అక్కడికెళ్లానురా" అన్నాడు. కాసేపాగి "నేను గే" అన్నాడు. రెండేళ్లు ఒకే వంటింట్లో వండుకుని తిన్నవాళ్లం, ఆ మాట నాతో అనడం అదే మొదటిసారి. నాకేం మాట్లాడాలో తెలియక టీ పెట్టాను. ఇప్పటికీ దాని గురించి బాధపడతాను, పక్కన కూర్చుని ఉండాల్సింది.

తెలియనివాళ్ల కోసం ఏం జరిగిందో చెప్తాను. పల్స్ అనేది సౌత్ ఆరెంజ్ అవెన్యూలో ఉన్న గే నైట్‌క్లబ్. ఆ రాత్రి లాటిన్ నైట్, లోపల దాదాపు 300 మంది. క్లబ్ మూసే వేళకి, రాత్రి రెండు దాటిన రెండు నిమిషాలకి, ఒకడు రైఫిల్, పిస్టల్ తీసుకుని లోపలికొచ్చాడు. వాడి పేరు రాయను. ఆ రెండూ కొద్దిరోజుల ముందు దుకాణంలో చట్టప్రకారమే కొన్నాడు. అంతకుముందు ఎఫ్‌బీఐ వాడిని రెండుసార్లు విచారించి వదిలేసింది. బాత్రూముల్లో దాక్కున్నవాళ్లని బందీలుగా పెట్టుకుని మూడు గంటలు ఉన్నాడు. పోలీసులు గోడ పగలగొట్టి లోపలున్నవాళ్లని బయటికి తెచ్చి, ఐదుంబావుకి వాడిని చంపారు. చనిపోయినవాళ్లు 49 మంది, తూటా గాయాలైనవాళ్లు 53 మంది. ఎక్కువమంది లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, అందులో సగానికి దగ్గరగా ప్యూర్టోరికో మూలాలున్న పిల్లలే. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లే ఎక్కువ.

తర్వాత లోపలికెళ్లిన సిబ్బంది చెప్పింది చదివాను. కిందపడి ఉన్నవాళ్ల జేబుల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయట. అది చదివినప్పుడు నాకు మా హాలు గుర్తొచ్చింది, ఎందుకంటే ఆ పొద్దున మావాడు ఒకే నంబరుకి మళ్లీ మళ్లీ చేస్తున్నాడు, స్పీకర్లో పెట్టి నేల మీద పెట్టేవాడు, రింగై రింగై ఆగిపోయేది, మళ్లీ నొక్కేవాడు. పదకొండింటికి అవతలి నుంచి మెసేజ్ వచ్చింది. ఒంటిగంటన్నరకే ఇంటికెళ్లిపోయి పడుకున్నాడట, ఫోన్ సైలెంట్లో ఉందట. ఇంకో తెలిసినతనికి కాలికి తగిలింది, ఆ సంగతి సాయంత్రానికి తెలిసింది, బతికాడు.

మధ్యాహ్నం రక్తం ఇద్దామని ఇద్దరం బయల్దేరాం. వన్‌బ్లడ్ సెంటర్ చుట్టూ లైను బిల్డింగ్ దాటి రోడ్డు మీదకొచ్చింది. జూన్ ఎండ, ఉక్క. ఎవరెవరో కార్లలో నీళ్ల కేసులు, పిజ్జాలు, గొడుగులు తెచ్చి పంచుతున్నారు. రంజాన్ నెల, ఉపవాసంతో ఉండి కూడా వచ్చినవాళ్లున్నారు. లైన్లో అరగంట నిలబడ్డాక వాడు నా చెవిలో "నేను ఇవ్వడానికి లేదురా" అన్నాడు. అప్పటి అమెరికా రూలు ఏంటంటే మగవాడితో సంబంధం ఉన్న మగవాడు ఏడాదిపాటు దూరంగా ఉంటే తప్ప రక్తం ఇవ్వకూడదు. చచ్చిపోయింది వాళ్లు, ఆసుపత్రిలో కొట్టుకుంటున్నది వాళ్లు, వాళ్లకి రక్తం ఇవ్వడానికి వాళ్ల స్నేహితులకే వీల్లేదు. 2020లో ఆ ఏడాదిని మూడు నెలలు చేశారు, 2023లో ఆ నిషేధం తీసేసి అందరికీ ఒకే ప్రశ్నలు పెట్టారు. ఆ రోజు మాత్రం వాడు లైన్లోంచి పక్కకి తప్పుకుని, ఒక పెద్దావిడ దగ్గర నీళ్ల డబ్బా తీసుకుని సాయంత్రం దాకా సీసాలు పంచాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎవరైనా థ్యాంక్స్ చెప్తే తలెత్తి చూడలేదు.

తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పటికే మెసేజ్‌లు. "మనవాళ్లెవరూ లేరంట, దేవుడి దయ." ఆ మెసేజ్ పెట్టినాయన మంచివాడే, ఊరికి ఎవరొచ్చినా ఎయిర్‌పోర్ట్‌కి కారేసుకుని వెళ్లే మనిషి. ఆ తర్వాతది మాత్రం మర్చిపోలేను: "అలాంటి చోట్లకి ఎవడు వెళ్లమన్నాడు." దాని కింద నాలుగైదు దండాలు. వాడు ఆ స్క్రీన్ నా వైపు తిప్పి "మనవాళ్లు అంటే ఎవర్రా" అన్నాడు. నేను గ్రూపులో ఏదో రాయబోతే వద్దన్నాడు, రాస్తే ఎందుకు రాశావని అడుగుతారు, అడిగితే తన దాకా వస్తుంది. అప్పటికి మన దేశంలో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్ 377 ఇంకా ఉంది, అంటే వాడు కాకినాడలో నేరస్థుడి కిందే లెక్క.

మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఇలాంటి వార్త వచ్చిన రోజు ఉన్నట్టుండి మాట్లాడకుండా అయిపోతే, దయచేసి "నీకెందుకు అంత బాధ" అని అడక్కండి. అన్నం తిన్నావా అనండి చాలు.

సోమవారం సాయంత్రం డాక్టర్ ఫిలిప్స్ సెంటర్ ముందు పచ్చిక మీద వేలమంది చేరారు. పక్కనున్న మెథడిస్ట్ చర్చి గంట చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక్కసారి చొప్పున కొట్టారు. 49 అనే సంఖ్య టీవీలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అది ఎంతో అక్కడ నిలబడి విన్నాకే తెలిసింది. ఇరవై దాకా లెక్కపెట్టాను. ముప్ఫై దగ్గర ఇక అయిపోయిందేమో అనిపించింది. ఇంకా కొడుతూనే ఉన్నారు. పక్కన ఎవరో స్పానిష్ మాట్లాడే కుటుంబం, అమ్మమ్మలా ఉన్న ఆవిడ ఒక్కో గంటకీ నా మోచెయ్యి నొక్కుతోంది, నేనెవరో ఆవిడకి తెలియదు. తర్వాతి ఆదివారం లేక్ ఇయోలా చుట్టూ దాదాపు 50,000 మంది కొవ్వొత్తులతో నిలబడ్డారు. మా గ్రూపులోవాళ్లు కొందరు పిల్లల్ని తీసుకుని వచ్చారు, అదీ చెప్పాలి.

ఊరు చేసిన మంచి పనులు చాలా ఉన్నాయి. క్లబ్బుకి మూడు నాలుగు వీధుల దూరంలోనే పెద్ద ట్రామా ఆసుపత్రి ఉండబట్టి చాలామంది బతికారు, పోలీసులు అంబులెన్స్ కోసం చూడకుండా పికప్ ట్రక్కులో వేసుకుని తీసుకెళ్లారు. అక్కడికి చేరిన 44 మందిలో తొమ్మిది మంది పోయారు, మిగతా 35 మందీ దక్కారు. ఆ ఆసుపత్రి తర్వాత బాధితుల నుంచి బిల్లులు వసూలు చేయం అని చెప్పింది. అమెరికాలో ఒక్క తూటా గాయానికి ఎంత బిల్లవుతుందో తెలిసినవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది. నగరం పెట్టిన నిధికి 2.9 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది, పంచారు.

కెమెరాలు వెళ్లిపోయాక సంగతి వేరు. ఆ మూడు గంటల్లో పోలీసులు ముందే లోపలికెళ్లి ఉంటే ఇంకొందరు దక్కేవాళ్లు కదా అని కొన్ని కుటుంబాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. తుపాకుల చట్టం మీద సెనేట్‌లో ఎనిమిది రోజులకి నాలుగు ప్రతిపాదనలు ఓటింగ్‌కి వచ్చాయి, నాలుగూ ఓడిపోయాయి. ఫ్లోరిడాలో రైఫిల్ కొనే వయసు 21కి పెంచడానికి 2018లో పార్క్‌లాండ్ స్కూల్లో ఇంకో 17 మంది చనిపోవాల్సి వచ్చింది. క్లబ్ యజమానురాలు పెట్టిన సంస్థ మ్యూజియం కడతామంది, ఏళ్లు గడిచాయి, 2023లో సంస్థే మూతపడింది. ఆ ఏడాదే నగరం ఆ స్థలాన్ని 20 లక్షల డాలర్లకి కొని, స్మారకం తనే కడతానంది. ఆ ఏడేళ్లలో శాశ్వత స్మారకానికి ఒక రాయి కూడా పడలేదు. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

2018లో నేను డల్లాస్ వచ్చేశాను, వాడు అక్కడే ఉండిపోయాడు. క్లబ్ దగ్గర రోడ్డు దాటే చోట ఇంద్రధనుస్సు రంగులు వేసి ఉండేవి. 2025 ఆగస్టులో రాష్ట్ర రవాణాశాఖ రాత్రికి రాత్రి వాటి మీద రంగు కొట్టేసింది. తెల్లారేసరికి జనం సుద్దముక్కలు పట్టుకొచ్చి మళ్లీ రంగులు నింపారు. వాడు ఫోటో పంపాడు, అందులో వాడి చెయ్యి కనిపిస్తుంది, వేళ్లన్నీ ఊదారంగు సుద్ద.

ఇంట్లో వాడు చెప్పింది 2019లో. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్లో సుప్రీంకోర్టు 377ని కొట్టేసినప్పుడే చెప్దామనుకున్నాడు, ధైర్యం చాల్లేదు. సంక్రాంతికి కాకినాడ వెళ్లినప్పుడు, వాళ్లమ్మ వంటింట్లో ఉంటే వెళ్లి చెప్పాడు. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదట. 2016 జూన్‌లో ఆ ఆదివారం ఆవిడ కూడా ఫోన్ చేసింది, మా అమ్మలాగే, టీవీలో చూసి. గొంతు అలా ఉందేంట్రా అని అడిగితే జలుబు చేసిందన్నాడు, నేను పక్కనే ఉన్నాను. రెండున్నరేళ్లు దాటాక వంటింట్లో స్టవ్ కట్టేసి ఆవిడ మొదట అడిగింది అదేనట: "ఆ రోజు జలుబన్నావు. నీ స్నేహితులెవరైనా పోయారా నాన్నా?"