వెనక లైటుకు విడిగా స్విచ్ పెట్టిన పాఠకుడికి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఐటీఐ చదివి మోటార్ రివైండింగ్ షాపు నడుపుకుంటున్నాను. పాత ఇనుప సామాన్ల కొట్లో బైకు ఫ్రేమ్ కొని, 1500 వాట్ల హబ్ మోటారు, 60 వోల్టుల లిథియం బ్యాటరీ బిగించి సొంతంగా ఎలక్ట్రిక్ బండి తయారుచేశాను. చనిపోయిన మా నాన్న పేరు ట్యాంకు మీద రాయించాను. పేపర్లో ఫొటో కూడా వచ్చింది. గత నవంబరు 21 రాత్రి ఎనిమిదిన్నరకు కరకంబాడి రోడ్డులో వస్తుంటే తమిళనాడు రిజిస్ట్రేషన్ కారు వెనక నుంచి గుద్దింది. కుడి కాలు విరిగితే రాడ్ వేశారు. రెండు లక్షల పైనే ఖర్చయింది. పోలీసులు కేసు రాసి బండిని స్టేషన్‌లో పెట్టారు. కారు ఇన్సూరెన్స్ తరఫున అని ఒకాయన వచ్చి, ‘మీ బండికి నంబరే లేదు, కోర్టుకెళ్తే మీ మీదే తిరగబడుతుంది, 40 వేలు తీసుకుని సంతకం పెట్టండి’ అంటున్నాడు. బ్యాటరీ బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా? ఇంత కష్టపడి చేసిన బండికి గుర్తింపు ఇమ్మని హైకోర్టులో రిట్ వేయొచ్చా? ఇంకొకటి, చార్జింగ్ ఆదా అవుతుందని వెనక లైటుకు విడిగా స్విచ్ పెట్టాను. స్టేషన్‌లో తెలిసినవాళ్లున్నారు, వెళ్లి దాన్ని పీకేసి వైరు డైరెక్ట్ చేసేద్దాం అని మా ఫ్రెండ్ అంటున్నాడు. చేయమంటారా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు బండి గురించీ, నాన్నగారి గురించీ, పేపర్లో వచ్చిన ఫొటో గురించీ రాశారు. అసలు కేసంతా చివర్లో ‘ఇంకొకటి’ అంటూ రాసిన ఆ స్విచ్ దగ్గర ఉంది.

ముందు బండి సంగతి తేల్చేద్దాం. రిజిస్ట్రేషన్ అక్కర్లేని బ్యాటరీ బండ్లు ఉన్నమాట నిజమే. కానీ కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఆ మినహాయింపు రావాలంటే మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు ఉండాలి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు మించకూడదు. ఇవన్నీ సరిపోయినట్టు గుర్తింపు పొందిన టెస్టింగ్ సంస్థ ధ్రువీకరించాలి. మీ మోటారు ఆ హద్దుకు ఆరింతలు. కాబట్టి మీది చట్టం దృష్టిలో మామూలు మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192 కింద మొదటి తప్పుకు 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా ఉంది. ఇన్సూరెన్స్ లేనందుకు సెక్షన్ 196 కింద 2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ వేయొచ్చు. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేయండి. రిట్ సంగతి మరిచిపోండి. చట్టంలో లేని హక్కును ఇప్పించమని హైకోర్టును అడిగితే మీకు మిగిలేది ప్రయాణ ఖర్చులే.

అయితే ఆ తప్పు మీకూ ప్రభుత్వానికీ మధ్య. దాన్ని చూపించి కారు ఇన్సూరెన్స్ కంపెనీ తన బాధ్యత నుంచి తప్పుకోలేదు. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. లైసెన్సు లేకుండా బండి నడిపినంత మాత్రాన ప్రమాదంలో నడిపినవాడి నిర్లక్ష్యం కూడా ఉన్నట్టు కాదు, ఆ లోపానికీ ప్రమాదానికీ సంబంధం ఉందా అన్నదే చూడాలి. మీ కేసుకూ ఇదే కొలత. నంబరు ప్లేటు లేనందువల్ల కారు వచ్చి మిమ్మల్ని గుద్దలేదు. ఇన్సూరెన్స్ లేనందువల్లా గుద్దలేదు. కానీ చీకట్లో వెనక లైటు వెలగనందువల్ల గుద్ది ఉండొచ్చు. అవతలి లాయరు పట్టుకునేది దాన్నే.

మిమ్మల్ని బోనులో నిలబెట్టి ఏమడుగుతాడో ఇప్పుడే వినండి. ‘ఈ స్విచ్ పెట్టింది మీరేనా?’ అవును. ‘ఎందుకు?’ చార్జింగ్ ఆదాకి. ‘అంటే లైటు ఆపి నడిపే అలవాటు ఉంది కదా?’ ఇక్కడ మీరు తడబడితే మీ పరిహారంలో కోత మొదలైనట్టే. ఒక ఎలక్ట్రీషియన్ రాత్రి పూట తిరిగే బండికి వెనక లైటు ఆపుకునే ఏర్పాటు చేశాడంటే ఏమనాలి? 1500 వాట్లు లాగే మోటారు పక్కన ఆ చిన్న లైటు తినే కరెంటు ఎంత? లెక్క నాకంటే మీకే బాగా తెలుసు.

ఆ రాత్రి స్విచ్ ఆన్‌లో ఉందా లేదా అన్నది మీకు తెలుసు. ఉంటే ఉందని చెప్పండి. లేకపోతే ఆ మాట మీ లాయరుకు ముందే చెప్పండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటిసారి విననివ్వకండి. లైటు వెలగకపోయినా కేసు పోదు. కారుకు హెడ్‌లైట్లు ఉన్నాయి. ముందు వెళ్లే బండికి తగినంత దూరం పాటించాల్సిన బాధ్యత వెనక వచ్చేవాడిదే. ఆ చోట వీధి దీపాలు వెలుగుతున్నాయా, పోలీసులు వేసిన రఫ్ స్కెచ్‌లో మీ బండి రోడ్డుకు ఏ వైపున ఉంది అన్నవి కూడా ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చూస్తుంది. తప్పు ఇద్దరిదీ అని తేలితే మీ వాటా మేరకు తగ్గిస్తుంది, అంతే. మాటవరసకు నష్టం 8 లక్షలని లెక్కతేలి, మీ వాటా నాలుగో వంతు అనుకుంటే 6 లక్షలు వస్తాయి. నలభై వేలకూ దానికీ ఎంత తేడా ఉందో చూసుకోండి.

ఆ రోడ్డు పక్క షాపుల్లో, పెట్రోలు బంకుల్లో సీసీ కెమెరాలు ఉంటాయి. మీ లైటు వెలుగుతోందా లేదా అన్నది అందులో పడి ఉండేది. కొత్తది ఎక్కేకొద్దీ పాతది దానంతటదే చెరిగిపోతుంది. మీరు మంచం మీద ఉన్న రోజుల్లో ఇంట్లోవాళ్లు ఎవరైనా వెళ్లి అడిగి ఉండాల్సింది. కాలు నిలబడ్డాక మీరైనా ఆ పని చేయకుండా పేపరు కటింగ్ పట్టుకుని ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగారు. పోలీసులు అప్పుడే ఫుటేజీ తీసుకుని ఉంటే మీ అదృష్టం, కేసు ఫైలులో ఉందేమో కనుక్కోండి. ప్రమాదం కాగానే ఎవరైనా ఫోన్లో వీడియో తీసి ఉంటే, తీసినవారి చేతే కోర్టులో చెప్పించాలి. 2023 నాటి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కూడా జతచేయాలి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన కాపీ ఒక్కటీ తెచ్చి చూపిస్తే సరిపోదు.

ఇక మీ ఫ్రెండ్ సలహా. స్టేషన్‌లో ఉన్న బండి మీద చేయి వేయొద్దు, వేయనివ్వొద్దు. ప్రమాదం జరిగిన బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి రిపోర్టు రాస్తారు. ఆ రిపోర్టు, ఫొటోలు ఈపాటికి ఫైల్లో చేరిపోయి ఉంటాయి. అందులో స్విచ్ ఉండి, బండికి స్విచ్ లేకపోతే ఏమవుతుంది? భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద సాక్ష్యాన్ని మాయం చేసిన నేరం. కోర్టు కోసం దొంగ సాక్ష్యం తయారుచేస్తే సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష. ఇప్పుడు బాధితుడిగా ఉన్న మీరు రేపు ముద్దాయి అవుతారు, మీకు సాయం చేసిన కానిస్టేబులు ఉద్యోగమూ పోతుంది. పరిహారంలో ఓ పావు వంతు కాపాడుకోవడానికి ఇంత అవసరమా?

అసలు మీకు టెన్షన్ ఉండాల్సింది గడువు విషయంలో. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలి. ఆలస్యాన్ని మన్నించే మాట ఆ సెక్షన్‌లో లేదు. మీకు మే 20తో ఆరు నెలలు. మీ ఉత్తరం నాకు ఏప్రిల్‌లో చేరింది. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు ఉంటాయి. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అయినా దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. సెలవులకు ముందే వేసేయండి. చెన్నై వెళ్లాలేమో అని భయపడుతున్నారు, ఆ అవసరం లేదు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు నివసించే చోట గానీ వేయొచ్చు. మీకు రెండూ తిరుపతే.

స్టేషన్‌లో ఒక మాట కనుక్కోండి. ప్రమాదం మీద పోలీసులు ట్రిబ్యునల్‌కు సెక్షన్ 159 కింద రిపోర్టు పంపాలి. పంపి ఉంటే ట్రిబ్యునల్ దాన్నే దరఖాస్తుగా తీసుకోవాలని సెక్షన్ 166(4) చెబుతోంది. అలాగని మీ పిటిషన్ ఆపొద్దు.

ఎఫ్ఐఆర్, రఫ్ స్కెచ్, ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, చార్జిషీటు అయి ఉంటే అదీ, వీటి సర్టిఫైడ్ కాపీలకు ఇవాళే దరఖాస్తు పెట్టండి. ఆస్పత్రి బిల్లులు ఒరిజినల్‌వి కావాలి. ఐటీ రిటర్నులు లేవు కాబట్టి షాపు ఫోన్‌పే లావాదేవీలు, కరెంటు బిల్లులు, రివైండింగ్ చేయించుకున్న వాళ్లలో ఒకరిద్దరి సాక్ష్యం పెట్టి ఆదాయం చూపించాలి. కాలు పూర్తిగా మడవలేకపోతే మెడికల్ బోర్డు నుంచి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. బండి విలువ కూడా నష్టంలో అడగొచ్చు గానీ, రోడ్డెక్కే అర్హతే లేని బండికి పెద్దగా ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు.

మరో దారి ఉంది. సెక్షన్ 164 కింద, తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు అడగొచ్చు. ఎముక విరిగితే చట్టంలో అది తీవ్ర గాయమే. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ సెటిల్ చేసే సెక్షన్ 149 పద్ధతిలో ఆ సొమ్ము ఒప్పుకుని తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. మీ ఖర్చే రెండు లక్షలు దాటింది, నెలల తరబడి షాపు మూతపడింది, రాడ్ తీయడానికి మళ్లీ ఆపరేషన్ రావొచ్చు. లైటు వెలుగుతోందని నమ్మకంగా చెప్పగలిగితే 166 మీదే నిలబడండి. స్విచ్ ఆపి ఉండి, చూసినవాళ్లూ లేకపోతే 164 గురించి మీ లాయరుతో కూర్చుని లెక్క వేసుకోండి. ఏ దారి పట్టినా నలభై వేల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. రాజీకి మనసుంటే పిటిషన్ వేశాక లోక్ అదాలత్‌లో చేసుకోండి, అక్కడ రాసిన అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం.

బండి తిరిగి కావాలంటే మేజిస్ట్రేట్ దగ్గర నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద పిటిషన్ వేయాలి. అప్పుడు మొదటి ప్రశ్న ‘మీదేనని రుజువేది?’ అని వస్తుంది. ఆ ఫ్రేమ్ మీద చాసిస్ నంబరు ఉంటుంది. అది ఎవరి పేరున ఉందో ఎప్పుడైనా చూశారా? పాత ఇనుప సామాన్ల కొట్టువాడు ఇచ్చిన రసీదు లేకపోతే, ఆ నంబరు ఎక్కడో దొంగతనం కేసులో తేలితే, కొత్త తలనొప్పి. రసీదు, మోటారు, బ్యాటరీ బిల్లులు వెతికిపెట్టుకున్నాకే ఆ పిటిషన్ వేయండి. అందులోనే బ్యాటరీని వేరుచేసి నీడలో పెట్టడానికి అనుమతి అడగండి. మీరు చేతితో పేర్చిన లిథియం సెల్స్ తిరుపతి ఎండలో, గుద్దుకున్న దెబ్బతో స్టేషన్ ఆవరణలో పడి ఉన్నాయి. అది అంటుకుంటే పక్కన ఉన్న బండ్లు కూడా పోతాయి, అప్పుడు అందరూ మీ పేరే చెబుతారు.

మళ్లీ ఇలాంటి బండి కడతానంటే ఆర్సీ ఉన్న పెట్రోలు బండి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, టెస్టింగ్ సంస్థ ఆమోదించిన కన్వర్షన్ కిట్‌ను అనుమతి ఉన్నవారి చేత బిగించుకుని, ఆర్టీవో దగ్గర ఆర్సీలో ఇంధనం మార్పించి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయాలి. సొంత చేత్తో కట్టిన బండిని ప్రైవేటు స్థలంలో ఎంతైనా తిప్పుకోండి. కరకంబాడి రోడ్డు మీదికి మాత్రం తేవద్దు.