క్రోమ్ తెరిస్తే వచ్చే ఆ పేజీ గురించి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. హోమ్‌పేజీ మార్చినా మర్నాటికి మళ్లీ అదే పిచ్చి సెర్చ్ పేజీ వస్తోందనీ, స్క్రీన్ మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని పాపప్‌లు లేస్తున్నాయనీ రాశావు. ఇది ఒక జబ్బు కాదమ్మా, రెండు. పని పూర్తయ్యేదాకా మీ నాన్నను ఆ కంప్యూటర్‌లో బ్యాంక్ సైట్ తెరవనివ్వకు.

మూలన వచ్చేవి చాలావరకు వైరస్‌లు కావు. ఏదో సినిమా సైట్‌లో "మీరు రోబో కాకపోతే అలౌ నొక్కండి" అంటే ఎవరో నొక్కి ఉంటారు. నోటిఫికేషన్లు పంపుకోమని మనమే ఇచ్చిన పర్మిషన్ అది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. తెలియని సైట్లన్నీ అక్కడ తీసెయ్యి. ఎప్పుడైనా స్క్రీన్ అంతా ఎర్రబడి, సైరన్ మోగి, మైక్రోసాఫ్ట్ పేరుతో ఫోన్ నంబర్ కనబడితే దానికి ఎవరూ ఫోన్ చేయకూడదు. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ పెట్టదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో క్రోమ్‌కి ఎండ్ టాస్క్ కొడితే గోల ఆగుతుంది. ఈ ముక్క మీ అమ్మకి కూడా చూపించు.

ఇక సెర్చ్ పేజీ. నువ్వు మార్చిన ప్రతిసారీ దాన్ని వెనక్కి తెచ్చేది ఇంకెక్కడో కూర్చుంది, ముందు దాన్ని పట్టుకోవాలి. విండోస్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీ వరసలో పెట్టు. గొడవ మొదలైన రోజుకి అటూ ఇటూగా దిగిన పీడీఎఫ్ కన్వర్టరో, వీడియో డౌన్‌లోడరో, డ్రైవర్ అప్‌డేటరో కనబడుతుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇలాంటివి దిగడం పాత సంగతే. అంత పెద్ద జావా ఇన్‌స్టాలర్‌లోనే ఒకప్పుడు ఆస్క్ టూల్‌బార్‌కి ముందే టిక్ పెట్టి ఉండేది. చదవకుండా నెక్స్ట్ కొట్టినవాళ్లందరికీ అదీ దిగేది.

తర్వాత ఎక్స్‌టెన్షన్స్, అంటే క్రోమ్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. తెలియనివన్నీ రిమూవ్ చెయ్యి. ఒకదానికి రిమూవ్ బటన్ పనిచేయకపోయినా, క్రోమ్ మెనూలో "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉన్నా జాగ్రత్తగా చూడు. ఇంటి కంప్యూటర్‌కి ఆర్గనైజేషన్ ఎక్కడిది? ఆఫీసుల్లో ఉద్యోగులకి సెట్టింగ్స్ బిగించడానికి పెట్టిన పాలసీ సౌకర్యాన్ని బ్రౌజర్ సెట్టింగ్స్‌ని లాక్కునే ఈ హైజాకర్ ప్రోగ్రాములు వాడుకుంటాయి. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొడితే ఏవి బిగించి ఉన్నాయో కనబడతాయి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పాలసీలు పెడతాయి కాబట్టి చూసి కంగారుపడకు. ఆ పేజీ స్క్రీన్‌షాట్ నాకు పంపు. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీ జోలికి మాత్రం నువ్వొక్కదానివే వెళ్లొద్దు, మనం ఫోన్‌లో కలిసి చేద్దాం.

చాలామంది మరిచిపోయేది షార్ట్‌కట్. డెస్క్‌టాప్ మీద క్రోమ్ బొమ్మకి రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూడు. క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ తర్వాత ఏదైనా వెబ్ అడ్రస్ తగిలించి ఉంటే దాన్ని చెరిపెయ్యి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్, ఆ తర్వాత ప్రోగ్రాముల్ని వేళకి వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్ కూడా ఓసారి తిరగెయ్యి.

ఇవన్నీ అయ్యాకే స్కాన్. డబ్బు పెట్టి ఏమీ కొనక్కర్లేదు. విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్, తర్వాత డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఆఫ్‌లైన్ స్కాన్ విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ కూడా ఉచితమే. వాళ్ల సొంత సైట్ నుంచే దించుకో, సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కకు. చివర్లో క్రోమ్ రీసెట్ చెయ్యి. బుక్‌మార్క్‌లూ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లూ పోవు, మీ నాన్నను టెన్షన్ పడొద్దని చెప్పు. అదే గూగుల్ అకౌంట్‌తో ఇంకో ల్యాప్‌టాప్‌లో కూడా క్రోమ్ వాడుతున్నారా? అయితే అక్కడ కూడా ఆ ఎక్స్‌టెన్షన్ తీసెయ్యి. లేకపోతే సింక్ అయి మళ్లీ వస్తుంది.

అదే వైఫైలో ఉన్న ఫోన్లలో కూడా వేరే పేజీలకి మళ్లిస్తోందంటే అనుమానం రౌటర్ మీదకి పోవాలి. సైట్ పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్ సెట్టింగ్ మార్చి జనాన్ని దొంగ సైట్లకి తిప్పే డీఎన్ఎస్ ఛేంజర్ ముఠాని 2011లో ఎఫ్‌బీఐ పట్టుకునే నాటికి 40 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. రౌటర్ రీసెట్ చేసి, దానితో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి.

ఒక్కటి నిజం చెప్పు. మీ తమ్ముడు ఫొటోషాప్ క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ ఏమైనా వేశాడా? వేసి ఉంటే పైన రాసినదంతా చాలదు. క్రాక్‌ల వెంట వచ్చే దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లూ, మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి పోనిచ్చే లాగిన్ కుకీలూ పట్టుకుపోతాయి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని విండోస్ మళ్లీ కొత్తగా వేసెయ్యి. నేనైతే ఇందులో బేరమాడను. పాస్‌వర్డ్‌లు శుభ్రంగా ఉన్న ఫోన్ నుంచి మార్చు, ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంక్‌ది. జీమెయిల్‌లో అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ చెయ్యి. ఖాతాలో డబ్బు కదిలినట్టు కనబడితే ఆలోచించకుండా బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయండి.

ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటాను. పాలసీ పేజీ స్క్రీన్‌షాట్ ఆలోపు పంపించు.

ఇట్లు,
మామయ్య