పిక్క ఉబ్బితే మర్దనా వద్దు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మా అమ్మ వయసు 66. మూడు వారాల క్రితం విశాఖపట్నంలో ఆమెకు కుడి తుంటి కీలు మార్పిడి చేశారు. రక్తం పలచబడేందుకు 35 రోజులకు మాత్రలు రాసిచ్చారు. కుట్లు మానిపోయాయి కదా అని అమ్మ వారం క్రితం వాటిని మానేసింది. నాలుగు రోజులుగా కుడి పిక్క ఉబ్బి, నొప్పిగా ఉంది. నువ్వుల నూనెతో మర్దనా చేసి కాపడం పెట్టమని చుట్టాలు అంటున్నారు. చేయవచ్చా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: చేయకూడదమ్మా. మీ ఉత్తరం అందగానే ఫోనులో ఈ మాటే చెప్పాను. ఇలాంటి సలహాలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి కనుక కారణం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తుంటి ఆపరేషన్‌లో తొడ ఎముకను మెలితిప్పి పనిచేయాల్సి రావడం వల్ల అక్కడి సిరలు నలుగుతాయి, ఆ తర్వాత కదలిక తగ్గి రక్తప్రవాహం మందగిస్తుంది, పైగా గాయం మాన్పుకునే ప్రయత్నంలో శరీరం రక్తాన్ని త్వరగా గడ్డకట్టిస్తుంది. ఈ మూడూ కలిసినప్పుడు కాలి లోపలి సిరల్లో గడ్డ ఏర్పడవచ్చు. దానిని గట్టిగా మర్దిస్తే ముక్క విడిపోయి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. పైన చర్మం మానినంత మాత్రాన ఈ ముప్పు తొలగిపోదు, అది వారాల తరబడి ఉంటుంది. 35 రోజుల మాత్రలు అందుకే.

ఆపరేషన్ చేసిన కాలికి కొంత వాపు సహజమే. రాత్రి కాలు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి అది చాలావరకు తగ్గుతుంది. అలా తగ్గకపోతే మోకాలి చిప్పకు కాస్త కింద, ముందువైపు చేతికి తగిలే ఎముక గుబ్బకు 10 సెంటీమీటర్ల కింద రెండు పిక్కలనూ దర్జీ టేపుతో కొలవండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. తేడా తక్కువగా ఉన్నా, కొత్తగా వచ్చిన వాపూ నొప్పీ ఉంటే, సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ ఆ రోజే చేయించాలి. దానికి విశాఖ దాకా వెళ్లనక్కరలేదు, విజయనగరంలోనే చేయించవచ్చు. గడ్డ ఉందేమోనని చూసే డి-డైమర్ రక్తపరీక్షలో అంకె ఆపరేషన్ వల్లే పెరిగి కనిపిస్తుంది కాబట్టి ఇప్పుడు దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు.

మిగిలిన మాత్రలను సొంతంగా మళ్లీ మొదలుపెట్టి ఊరుకోకండి. ఉదాహరణకు రక్తం పలచబడే మందుల్లో ఒకటైన రివరోక్సబాన్ గడ్డ నివారణకు రోజుకు 10 మిల్లీగ్రాములు చాలు, గడ్డ కట్టాక మొదటి 3 వారాలు 15 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా ఇస్తారు. ఆయాసం, గుండెల్లో నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే స్కాన్ మాట పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. పాదం చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కినా అంతే. అది ధమనిలో అడ్డంకి, అరుదైనదే గానీ గంటల్లో కాలినే దెబ్బతీస్తుంది.

ఒళ్లు నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు ఇంట్లో ఉంటే, వాటినీ డాక్టరుకు చూపించండి. రక్తం పలచబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.