అక్షరాల పాళ్ళు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

హైదరాబాద్

అమ్మా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. డీఎన్‌ఏలో ఉండే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల్లో జీ, సీల శాతం ఒక్కో జీవిలో ఒక్కోలా ఎందుకుంటుందో తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు చాలా సంతోషం. ఉప్పల్ రోడ్డు మీద ల్యాబుల్లో పగలంతా ఈ మాటలే నడుస్తాయి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో చెప్పేవాళ్ళే తక్కువ.

అందుకే నీ రెండో పేరా దగ్గర గట్టిగా ఆపుతున్నాను. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఎదురెదురుగా జతకట్టే జీ-సీ జంటకు మూడు హైడ్రోజన్ బంధాలు, ఏ-టీ జంటకు రెండే, కాబట్టి వేడినీటి బుగ్గల్లో బతికే సూక్ష్మజీవుల్లో జీ-సీ ఎక్కువ అని రాశావు. బంధాల లెక్క సరైనదే. ఆ 'కాబట్టి' దగ్గరే తప్పు జరిగింది. 1997లో గాల్టియే, లోబ్రీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా, వాటిలాగే ఒంటికణంతో బతికే ఆర్కియాల లెక్కలు తీసి చూశారు. అవి పెరిగే వేడికీ, జీవి డీఎన్‌ఏ అంతా, అంటే మొత్తం జీనోమ్‌లోని జీ-సీ శాతానికీ పొంతన కనబడలేదు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో మడతపడి జతకట్టే భాగాల్లో మాత్రం స్పష్టంగా కనబడింది. అంటే బంధాల బలం పనిచేసే చోటు ఉంది, నువ్వు చెప్పిన చోట కాదు. వినగానే నచ్చిన కారణాన్ని మనం పరీక్ష పెట్టకుండా లోపలికి రానిస్తాం. నీకూ అదే జరిగింది.

వేడినీటి బుగ్గల దాకా పోవడం ఎందుకు? జూన్‌లో తొలి వాన పడగానే లేచే మట్టివాసన చాలావరకు స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా పుణ్యమే. ఆ జాతిలో సీలికలర్ అనే రకం జీనోమ్‌ని 2002లో చదివారు. జీ-సీ 72 శాతం. అది బతికేది మామూలు నేలలో, మామూలు వేడిలో. అదే ఏడాది మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపేరం జీనోమ్ కూడా వచ్చింది. దాన్లో జీ-సీ 19.4 శాతమే! అది కాపురం ఉండేది మన రక్తంలో, మన ఒంటి వేడిలో. మన డీఎన్‌ఏలోనేమో దాదాపు 41 శాతం. వేడి ఒక్కటే, పాళ్ళు వేరు. ఈ పరాన్నజీవికీ మన ఊరికీ పాత సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని గుర్తుపట్టాడు. ఆ దోమ తాగిన రక్తంలో నెలవంక ఆకారపు క్రిములుండేవి, ఆ ఆకారం ఫాల్సిపేరందే. నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టు. జీవరసాయన శాస్త్రవేత్త చార్గాఫ్ పేరు తర్వాత వచ్చినా ఫరవాలేదు. ఈ పాళ్ళు జాతిని బట్టి మారతాయని 1950 ప్రాంతంలో చూపించినవాడు కాబట్టి ఒక వాక్యం తప్పకుండా ఇవ్వు.

ఇక కారణాలు. అసలు కథ ఇక్కడుంది, నువ్వేమో నాలుగు లైన్లలో దాటేశావు.

రాయడం మొదలుపెట్టక ముందు నేను చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సీసపు అచ్చుల కాలం. వాడగా వాడగా అచ్చులో ముందు పోయేది సన్నని గీత. 'ధ' కింది గీత అరిగితే కాగితం మీద 'ద' పడుతుంది. 'ఫ' గీత పోతే 'ప' అవుతుంది. 'ద' అరిగి ఎన్నడూ 'ధ' కాదు. ఎవరూ కావాలని చెయ్యకపోయినా, పేజీలో 'ద'లు పెరుగుతూ పోతాయి. 'బాధ' కాస్తా 'బాద' అయితే అలాంటి మాట లేదు గనక నా కంటికి దొరికేది. 'బోధ' కాస్తా 'బోద' అయితే అదీ ఒక మాటే, చాలాసార్లు తప్పించుకుపోయేది.

డీఎన్‌ఏలో సీకి జరిగేది సరిగ్గా ఇదే. నీటిలో ఉండగా సీ నుంచి అమైనో అనే చిన్న రసాయన గుంపు ఊడిపోతే అది యురాసిల్ అవుతుంది. యురాసిల్ డీఎన్‌ఏ అక్షరం కాదు, అందువల్ల మరమ్మతు ఎంజైము దాన్ని పట్టేసి తీసేస్తుంది. మిథైల్ అనే మరో చిన్న గుంపును తగిలించుకున్న సీ నుంచి అదే అమైనో గుంపు ఊడితే వచ్చేది టీ. అది అసలు అక్షరమే, కాబట్టి పట్టుకోవడం కష్టం. మన జీనోమ్‌లో సీ పక్కన జీ వచ్చే జంటలు లెక్క ప్రకారం ఉండాల్సినదాంట్లో ఐదో వంతే మిగిలాయంటే ఎంత అరుగుదలో చూడు. ఇలాంటి మార్పుల (మ్యుటేషన్ల) మొగ్గు ఒకవైపే ఉంటే జీనోమ్ పాళ్ళే మారిపోతాయని సుయోకా అనే శాస్త్రవేత్త 1962లోనే రాశాడు. ప్రొటీన్ తయారీకి చదివే మూడక్షరాల మాటల్లో, అంటే కోడాన్లలో, మూడో అక్షరం మారినా చాలాసార్లు ప్రొటీన్ మారదు, అందుకే జాతుల మధ్య తేడా అక్కడే అన్నిటికన్నా ఎక్కువ.

ఇంతవరకూ బాగానే ఉంది. జీ-సీ ఎక్కువున్న బ్యాక్టీరియాలో మొగ్గు జీ-సీ వైపే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 2010లో రెండు బృందాలు విడివిడిగా లెక్కలు చూస్తే, అలాంటి జీవుల్లో కూడా కొత్తగా పుట్టే మార్పులు ఏ-టీ వైపే పోతున్నాయి. మరి మన మట్టివాసన జీవి 72 శాతం దగ్గర ఎలా నిలబడింది? అరిగినంతా ఎవరో తిరిగి పూరిస్తూ ఉండాలి. సహజవరణమా? లేక రెండు డీఎన్‌ఏ ప్రతులు ముక్కలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు (రీకాంబినేషన్) వాటి అక్షరాలు కలవకపోతే, దిద్దే యంత్రాంగం జీ-సీని కాస్త ఎక్కువగా ఉంచేయడమా? ఆ రెండోదానికి జీవికి మేలో కీడో పట్టదు. క్షీరదాల్లో దానికి బలమైన ఆధారాలున్నాయి. బ్యాక్టీరియాలో వాదన నడుస్తోంది, నడుస్తోందనే రాయి. 'పరిణామం ఇలా కోరుకుంది' అన్న నీ వాక్యం మాత్రం కొట్టెయ్యి. పరిణామం ఏదీ కోరుకోదు.

ఇంకొక్కటి. పురుగుల కణాల్లో దాక్కుని బతికే కార్సొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి బాగా రాశావు. జీనోమ్ లక్షా అరవై వేల అక్షరాలు, జీ-సీ 16.5 శాతం. మరమ్మతు జన్యువులు పోగొట్టుకుంటే, సంఖ్య తక్కువై వరణం బలహీనపడితే అరుగుదలే గెలుస్తుందన్నావు. సరే. సికాడా పురుగులో ఉండే హాజ్‌కినియా అనే బ్యాక్టీరియా సంగతేమిటి? దాని జీనోమ్ ఇంకా చిన్నది, జీ-సీ మాత్రం 58 శాతం. నీ వివరణకు అడ్డొచ్చే జీవికి వ్యాసంలో ఒక పేరా ఇవ్వు, అది చదివినవాళ్ళే నీ మిగతా మాట నమ్ముతారు.

భాష గురించి ఒకే ఒక్క మాట. 'క్షార సంఘటన వైవిధ్యం' అని శీర్షిక పెట్టావు. పిండిలో నీళ్ళ పాళ్ళు అంటాం కదా, ఇక్కడా పాళ్ళు అను. జీనోమ్, మ్యుటేషన్ అలాగే ఉంచు, ఆ మాటలకు ఎవరూ బెదరరు.

ఆదివారం పొద్దున బేగంపేటలో రాస్ పనిచేసిన ఆ భవనం చూసి, అటునుంచి మా ఇంటికి రా. కొత్త మొదటి పేరా చేత్తో రాసి తీసుకురా. ప్రెస్సు మూసేసినప్పుడు తెచ్చుకున్న 'ధ' అచ్చు ఒకటి నా దగ్గరుంది, కింది గీత సగం అరిగింది. నీ వేలితో తడిమి చూద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ మాస్టారు