మెషిన్ బాగుందంటోంది, ఆక్సీమీటర్ బాగాలేదంటోంది: దేన్ని నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మావారికి 56 ఏళ్లు. నాలుగు నెలల కిందట చేయించిన స్లీప్ టెస్ట్‌లో ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె) 42, ఆక్సిజన్ అత్యల్పంగా 71 శాతం అని వచ్చాయి. అప్పటి నుంచి మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మెషిన్ పెట్టుకునే పడుకుంటున్నారు. గురక పోయింది, ఫోన్‌లో ఏహెచ్‌ఐ కూడా 3 లోపే చూపిస్తోంది. కానీ నాకు మెలకువ వచ్చినప్పుడల్లా, కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఆయన వేలికి పెట్టి చూస్తే ఒకసారి 95, ఒకసారి 85 ఉంటోంది. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ కొనేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, కాన్సన్‌ట్రేటర్ కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చూస్తున్న రెండు అంకెలూ రెండు వేర్వేరు విషయాలు చెబుతున్నాయి. సీపాప్ మెషిన్ మీవారి రక్తాన్ని చూడదు, గాలిని మాత్రమే చూస్తుంది. కనీసం పది సెకన్లపాటు శ్వాస ఆగిన, లేదా బాగా తగ్గిన సందర్భాలు గంటకు సగటున ఎన్ని వచ్చాయో ఏహెచ్‌ఐ చెబుతుంది. 5 లోపు ఉంటే మంచిది, 30 దాటితే తీవ్రం. అందుకే 42 నుంచి 3 లోపుకు రావడం నిజంగా సంతోషించదగ్గ విషయం.

అయితే ఆ అంకెను నమ్మేముందు పక్కనే ఉండే మరో రెండింటిని చూడాలి. మొదటిది వాడిన గంటలు. మీవారు తెల్లవారుజామున మూడింటికి మాస్క్ తీసేసి ఆరింటిదాకా పడుకుంటే, ఆ మూడు గంటలు మెషిన్ లెక్కలోకే రావు. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది ఆ వేళలోనే, చాలామందికి శ్వాస ఎక్కువగా ఆగేదీ ఆ నిద్రలోనే. రెండోది లీక్. మాస్క్ పక్కల నుంచి గానీ నోటి నుంచి గానీ గాలి బాగా పోతుంటే మెషిన్ శ్వాసను సరిగా గుర్తించలేదు, అప్పుడు తక్కువ ఏహెచ్‌ఐకి అర్థం ఉండదు. రెస్‌మెడ్ మెషిన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే పెద్ద లీక్ అంటారు. ఇతర కంపెనీలు లీక్‌ను వేరే పద్ధతిలో లెక్కిస్తాయి కాబట్టి ఆ అంకెతో పోల్చకండి. పొద్దున్నే ఆయన నోరు ఎండిపోతోందా, కళ్ల దగ్గర గాలి కొట్టినట్టుంటోందా అని అడగండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

ఇక ఆక్సీమీటర్. ఏసీ గదిలో చల్లబడిన వేలు, గోళ్ల రంగు, గోరింటాకు, నిద్రలో చేతి కదలిక, వీటిలో ఏ ఒక్కటైనా అంకెను తారుమారు చేయగలదు. వేలికి పెట్టగానే కనిపించే అంకెను రాసుకోకండి. చేయి కదలకుండా ఒక నిమిషం ఆగి, అది చూపించే నాడి వేగం మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన నాడితో సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే ఆక్సిజన్ అంకెనూ నమ్మనక్కర్లేదు. చామనఛాయ, నలుపు రంగు వారిలో ఇది అసలు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చు కూడా.

మీకు నిజంగా ఉపయోగపడేది రాత్రంతా రికార్డు చేసే ఆక్సీమీటర్. రెండు మూడు రాత్రులకు దాన్ని ఏర్పాటు చేయమని మీ డాక్టరును అడగండి. ఆ గ్రాఫ్‌లో అన్నిటికంటే తక్కువ అంకె కోసం వెతకకండి, గీత ఆకారం చూడండి. ఒక్కసారి 82కు పడి కొన్ని సెకన్లలో మళ్లీ 95కు లేచి, అదే క్షణంలో నాడి గీత కూడా చెదిరి ఉంటే, బహుశా ఆయన చేతిమీదకు ఒత్తిగిలి ఉంటారు. గీత రంపం పళ్లలా నిమిషానికోసారి పడుతూ లేస్తూ ఉంటే శ్వాస ఇంకా ఆగుతోందని, ప్రెషర్ గానీ మాస్క్ గానీ మార్చాలని అర్థం. పళ్లేమీ లేకుండా 86, 87 దగ్గరే చాలాసేపు సాగితే మాత్రం అది వేరే కథ. ఊపిరితిత్తుల జబ్బు గానీ, అధిక బరువు వల్ల శ్వాస చాలినంత లోతుగా ఆడకపోవడం గానీ కారణం కావచ్చు. అలాంటివారిలో కొందరికి కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. పరీక్ష చేయకుండా ఆక్సిజన్ పెడితే అది మరింత పెరిగే ప్రమాదం ఉంది. మిమ్మల్ని ఆగమన్నది ఇందుకే.

మెషిన్ మెమరీ కార్డు, పాత స్లీప్ టెస్ట్ రిపోర్టు తీసుకుని ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి. వీలుకాకపోతే విశాఖలోని పెద వాల్తేరు ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలోనో కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో ఊపిరితిత్తుల నిపుణులకు చూపించండి. పొద్దున్నే తలనొప్పి, కాళ్ల వాపు, పగటిపూట మగత ఉంటే తప్పక చెప్పండి. మెలకువగా కూర్చున్నప్పుడు కూడా 90 కంటే తక్కువ ఉన్నా, ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: రాత్రి కరెంటు పోతే మాస్క్‌లో ఊపిరాడదేమోనని మా నాన్నగారు మెషిన్ పెట్టుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: ఆ భయం సహజం. కానీ సీపాప్ మాస్క్‌కు గాలి బయటకు పోయే రంధ్రాలు ఉంటాయి. ముక్కు, నోరు రెండూ మూసే మాస్క్‌లలో అయితే మెషిన్ ఆగగానే బయటిగాలికి తెరుచుకునే వాల్వ్ కూడా ఉంటుంది. కరెంటు పోయి మెలకువ వస్తే మాస్క్ తీసేసి, పక్కకు తిరిగి పడుకోమనండి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత మన ఊళ్లో కరెంటు లేక ఎన్ని రాత్రులు గడిపామో మీకు గుర్తుండే ఉంటుంది, అందుకే ఇన్వర్టర్ ఉంటే మెషిన్‌ను దానికి కలపండి. కరెంటు లేనప్పుడు నీళ్లు వేడిచేసే హ్యూమిడిఫయర్‌ను ఆపేస్తే, అదే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది.