పేరు అంగుళాల్లో, సరుకు మిల్లీమీటర్లలో: ఇంటి పనిలో ఏ కొలత ఎక్కడ నమ్మాలి

మీరు అడిగింది ఇది: 30×60 అడుగుల స్థలం, అంటే 200 గజాలు. దస్తావేజులో చదరపు మీటర్లు, ఇంజనీరు డ్రాయింగులో మిల్లీమీటర్లు, మేస్త్రీ నోట అడుగులు, ప్లంబర్ నోట ‘అర’, ‘ముప్పావు’, ‘ఇంచ్’. అన్నీ మీటర్లలోకి మార్చేసుకుంటే గొడవ వదులుతుందా?

వదలదు. మార్చే ప్రతిసారీ ఎవరో ఒకరు సుమారుగా సర్దేస్తారు, తేడా అక్కడే పుడుతుంది. ఏ వస్తువు ఏ కొలతలో తయారవుతుందో, ఏ పని ఏ కొలతలో లెక్క కడతారో తెలుసుకుని దాన్ని ఆ కొలతలోనే ఉంచండి. మార్చక తప్పని చోట ఒక్కసారే, పూర్తి అంకెతో మార్చండి. అంగుళం 25.4 మిల్లీమీటర్లు, అడుగు 304.8. గజం 0.9144 మీటరు. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. ఈ నాలుగూ పని పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

ముగ్గు పోసే రోజు జరిగే పొరపాటు ‘మీటరంటే మూడడుగులు’ అనుకోవడం. 30 అడుగులు 9.144 మీటర్లు. దాన్ని 9 మీటర్లని గీస్తే ఐదున్నర అంగుళాల పైనే పోతుంది. మున్సిపల్ ప్లానులో సెట్‌బ్యాకులు, అంటే ఇంటి గోడకూ స్థలం హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీ, మీటర్లలో ఉంటాయి. 1 మీటరంటే 3 అడుగుల 3⅜ అంగుళాలు, ఒకటిన్నర మీటరంటే 4 అడుగుల 11 అంగుళాలు. మీటరు వదలాల్సిన చోట మూడడుగులే వదిలితే ప్రతి పక్కా మూడంగుళాల పైన తక్కువ పడుతుంది. గోడ లేచాక దాన్ని సరిదిద్దే దారి లేదు. స్థలం నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి రెండు కర్ణాలూ కొలవండి. 30×60కి ఒక్కోటి 67 అడుగుల 1 అంగుళం రావాలి, మీటర్లలో 20.447. రెండింటికీ అంగుళం కన్నా ఎక్కువ తేడా ఉంటే స్థలమే వంకరగా ఉందన్నమాట. అప్పుడు ప్లానును స్థలానికి తగ్గట్టు సర్దుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది చుక్క. మేస్త్రీ 10.6 అని రాస్తే 10 అడుగుల 6 అంగుళాలని అర్థం. కాలిక్యులేటరుకు అది 10 అడుగుల 7 అంగుళాల పైమాటే. 10.10 అని రాస్తే ఇంకా ఘోరం. ఆయన ఉద్దేశం 10 అడుగుల 10 అంగుళాలు, యంత్రం చదివేది పదడుగుల పైన అంగుళం చిల్లర. 10 అడుగుల 10 అంగుళాలు పొడవు, 12 అడుగుల 6 అంగుళాలు వెడల్పు ఉన్న గదికి అసలు వైశాల్యం 135.4 చదరపు అడుగులు. 10.10×12.6 అని కొడితే వచ్చేది 127.3. ఒక్క గదిలోనే ఎనిమిది అడుగులు మాయం. కూలీ లెక్కైనా టైల్స్ లెక్కైనా అంగుళాలను ముందు 12తో భాగించి, ఆ తర్వాతే గుణించండి. రాసేటప్పుడు చుక్క వద్దు, గీత పెట్టండి: 10-10.

పొలం కాగితాల్లోనూ ఇదే చిక్కు ఉంది, ఇల్లు కట్టడానికి పొలం అమ్మేవాళ్లు గమనించండి. తెలంగాణలో 2-20 అన్నా 2.20 అన్నా రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, అక్కడ ఎకరానికి 100 సెంట్లు. రెంటికీ మధ్య తేడా 30 సెంట్లు, అంటే 1,452 గజాలు. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. అంకణం లెక్కైతే ఊరిని బట్టి ఉంటుంది. నెల్లూరు వైపు 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఒప్పంద పత్రంలో అంకణాలతో పాటు చదరపు గజాలు కూడా రాయించకుండా బయానా ఇవ్వొద్దు.

ఇనుము దగ్గర అంగుళం మాట పూర్తిగా మానేయండి. పాతవాళ్లు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అనో సూత్ అనో అంటారు. మూడు నూళ్ల కడ్డీ లెక్కకు 9.5 ఎంఎం, మీకు కావాల్సింది 10 ఎంఎం. కొలిచి తేల్చుకోవడం కష్టం, తూకంతో తేలిక. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మీటర్ల కడ్డీకి 8 ఎంఎం అయితే 4.74 కిలోలు, 10 అయితే 7.41, 12 అయితే 10.67. భారత ప్రమాణం ప్రకారం మొత్తం లాటు మీద 10 ఎంఎం వరకు 7 శాతం, ఆపైన 16 వరకు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంతకన్నా తక్కువ తూగితే సరుకు వెనక్కి పంపండి. కడ్డీలు లెక్కపెట్టి కొనేవాళ్లకు ఇది మరీ అవసరం, తేలిక కడ్డీ వల్ల డబ్బుకూ స్లాబుకూ రెండింటికీ దెబ్బ. కడ్డీల మధ్య ఎడం మాత్రం అంగుళాల్లో చెప్పుకున్నా పర్లేదు. డ్రాయింగులో 150 ఎంఎం ఉంటే మేస్త్రీ ఆరంగుళాలకు కడతాడు, అది 152.4. ఆ మాత్రం తేడాకు కంగారు అక్కర్లేదు.

రెడీమిక్స్, అంటే ముందే కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు, ఘనపు మీటర్లలోనే వస్తుంది, మన నోట స్లాబు మందం అంగుళాల్లో ఉంటుంది. 1000 చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందమైతే 1000ని 5తో గుణించి 12తో భాగించాలి, 416.7 ఘనపుటడుగులు. దాన్ని 35.31తో భాగిస్తే 11.8 ఘనపు మీటర్లు. బీములు ఇందులో లేవు, వాటిని విడిగా కలపాలి. సైటులోనే కలిపేట్టయితే తట్టల లెక్కకు ఒప్పుకోవద్దు. 12×12×15 అంగుళాల పెట్టె చేయించండి. ఒక సిమెంటు బస్తా పరిమాణం దాదాపు అంతే, సుమారు 35 లీటర్లు. అప్పుడు ఇసుకా కంకరా బస్తాకిన్ని పెట్టెలని కచ్చితంగా చెప్పొచ్చు.

టైల్స్ విషయంలో ‘రెండుకు రెండు’ అన్నది పేరు మాత్రమే. పలక కొలత 600×600 ఎంఎం, అది రెండడుగులకు దాదాపు పది మిల్లీమీటర్లు తక్కువ. నాలుగు పలకల పెట్టె 1.44 చదరపు మీటర్లు, అంటే 15.5 చదరపు అడుగులు. దుకాణంలో 16 అని లెక్కేస్తే పెట్టెకు అరడుగు డబ్బు ఎక్కువిస్తారు, పైగా పెట్టెలు చాలవు. వేస్టేజీ 8 శాతం కలుపుకుని 1080 అడుగులు కావాలనుకోండి. 16 లెక్కన 68 పెట్టెలు, నిజానికి పట్టేవి 70. మిగతా రెండింటికీ తర్వాత వెళ్తే అదే బ్యాచ్ దొరక్కపోవచ్చు, రంగు కలవదు. పెట్టె మీద అచ్చువేసిన చదరపు మీటర్లను 10.764తో గుణించి, ఆ అంకె మీదే బిల్లు వేయించుకోండి.

వడ్రంగి పనిలోనూ ఇలాంటి చిన్న తేడా ఉంది. ఎనిమిదికి నాలుగు ప్లైవుడ్ షీటు 2440×1220 ఎంఎం. అడుగు వెడల్పు అరలు నాలుగు వస్తాయనిపిస్తుంది. కానీ రంపం ఒక్కో కోతకు మూడు నాలుగు మిల్లీమీటర్లు తినేస్తుంది, మూడు కోతలు పోగా అర 303 ఎంఎం దాటదు. ముందే 300 అని గీయించండి.

ఇక పైపులు. ఇక్కడ అంగుళం అసలు కొలత కాదు, సైజు పేరు మాత్రమే. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లను తట్టుకునే ప్లాస్టిక్) పైపు బయటి వ్యాసం 22.2 ఎంఎం. అదే ముప్పావు యూపీవీసీకి (చల్లనీళ్ల ప్లాస్టిక్ పైపు) 26.7. ఒకదాని ఫిట్టింగులో ఇంకొకటి కూర్చోదు, అతికించే సొల్యూషన్ కూడా వేరు. గీజరు నుంచి వచ్చే వేడినీళ్ల లైను సీపీవీసీ, ట్యాంకు నుంచి దిగే చల్లనీళ్ల లైను యూపీవీసీ అయితే, రెండూ కలిసే చోట ఇత్తడి మరలున్న ఎంఏబీటీ (మర బయటికి ఉండేది), ఎఫ్ఏబీటీ (మర లోపల ఉండేది) జత వాడాలి. కుళాయి మరల పేర్లూ ఇంతే. అరంగుళం మర బయట టేపు పెడితే దాదాపు 21 ఎంఎం వస్తుంది. అది చూసి ముప్పావు అనుకుని తప్పు కుళాయి తెచ్చుకుంటారు. డ్రైనేజీ పైపుల్లో నాలుగంగుళాలంటే బయటి వ్యాసం 110 ఎంఎం, ఆరంటే 160. పొలం పైపుల్లో రెండంటే 63, మూడంటే 90. గోడకో స్లాబుకో రంధ్రం వదిలేటప్పుడు పేరు చూసి కాకుండా ఈ మిల్లీమీటర్లు చూసి, చుట్టూ అరంగుళం ఎక్కువ వదలండి. కొనేటప్పుడు చీటీలో పైపు రకం, అంగుళాల పేరు, బయటి వ్యాసం మూడూ రాయండి.

చివరగా టేపు. మేస్త్రీ, వడ్రంగి, టైల్స్ పనివాడు తలో టేపు తెచ్చుకుంటారు. పని మొదలయ్యే రోజే వాటన్నిటినీ పక్కపక్కన పరిచి మూడు మీటర్ల గీత దగ్గర పోల్చండి. కొస కొక్కెం వంగిన టేపు రెండు మూడు మిల్లీమీటర్లు తప్పు చూపిస్తుంది. కిటికీ చట్రం కొలిచేది ఒకరు, చేసేది ఇంకొకరు అయినప్పుడు అది బయటపడుతుంది.